రాకెట్ స్పీడ్ అంటే ఏ స్పీడండీ?

ఈ మధ్య ఆఫీసులో ఒక మెయిలొచ్చింది. మా మేనేజరుకి మేనేజరు దగ్గర్నుంచి. టీమ్‌లో ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ అందర్నీ సీసీలో పెట్టి, మనవాళ్ళు ఈ రిలీజ్‌ని రాకెట్ స్పీడ్‌లో డెలివర్ చేశారని తెగ మెచ్చుకున్నారు. కింద మూడు రాకెట్ బొమ్మలు కూడా. ఇంక చూస్కోండి, రిప్లై ఆల్ కొట్టి ఒకటే అభినందనలు. నేనూ థాంక్స్ కొట్టాను. అలవాటైపోయింది కదా.

ఆ మెయిలొచ్చిన నాలుగో రోజుకి ఆ రిలీజ్ ఏమైందో తర్వాత చెప్తాను. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

ఆ మాట వింటే నాకు కాస్త ఎలర్జీ. ఎందుకంటే మాది సూళ్ళూరుపేట పక్కన పల్లె. ఇప్పుడు కాగితాల మీద తిరుపతి జిల్లా అయిపోయింది గానీ (2022లో మార్చారు), మా ఊళ్ళో ఎవర్ని కదిపినా మాది నెల్లూరనే అంటారు. మా డాబా ఎక్కితే తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట దీవి, ఆ అవతల సముద్రం. మా వాళ్ళెవరూ ఇస్రో అనరు, సతీష్ ధవన్ స్పేస్ సెంటర్ అని అసలే అనరు. "షార్" అంటారు. ఆ పేరు 2002లోనే మారినా సరే, "షార్‌లో పని", "షార్ బస్సు" అంతే. 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ ఎగిరిన దగ్గర్నుంచీ మా ఊరికి అది పక్కింటి వ్యవహారం. అలాంటి ఊళ్ళో పుట్టినవాడిని రాకెట్ స్పీడ్ అని పొగిడితే, ఏ రాకెట్, ఏ స్పీడ్ అని అడగబుద్ధేస్తుంది.

వేగాన్ని చెప్పడానికి మనకి మాటల్లేక కాదు. శరవేగం ఉంది, వాయువేగ మనోవేగాలున్నాయి, ఆగమేఘాల మీద రావడం ఉంది. పేపర్లలో యుద్ధప్రాతిపదికన ఎలాగూ ఉంది (ఆ యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతుంటుంది, అది వేరే విషయం :)). జెట్ స్పీడ్ వచ్చి కొన్నాళ్ళు రాజ్యమేలింది. ఇప్పుడు రాకెట్ స్పీడ్. సినిమా కలెక్షన్లూ రాకెట్ స్పీడే, టమాటా ధరా రాకెట్ స్పీడే, మా స్ప్రింటూ రాకెట్ స్పీడే.

ఇందులో ఓ తమాషా ఉంది. ఇంగ్లీషులో రాకెట్ అన్న మాట మొదట మనకి తెలిసిన ఈ రాకెట్ కాదు. అది తారాజువ్వ. ఇటాలియన్‌లో దారం చుట్టే కండెకున్న పేరు, ఆకారం పోలికని బట్టి జువ్వకి వచ్చింది. ధరలు "స్కైరాకెట్" అయ్యాయి అంటారు చూశారా, ఆ స్కైరాకెట్ పదిహేడో శతాబ్దం నాటి బాణసంచా పేరు. అంటే ఆ పోలిక పుట్టినప్పుడు ఎవరి మనసులోనైనా ఉన్నది వత్తి అంటించగానే సుయ్యిమని పోయే జువ్వే. ఎటు పోతుందో తెలీదు, ఎవరి వాము మీద పడుతుందో తెలీదు, అంటించినవాడు పరిగెత్తి దూరంగా నిలబడతాడు. పైకి రాకెట్‌లా పోయినవాడు కిందికి దాని పుల్లలా వస్తాడని ఇంగ్లీషువాళ్ళకే ఒక సామెత కూడా ఉంది. మన మేనేజర్లు మొదటి సగం దగ్గరే క్లాసు ఎగ్గొట్టినట్టున్నారు.

మా డాబా మీంచి కనిపించేది మాత్రం జువ్వ కాదు.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తాను. టీవీలో చూస్తే మీకు అంతా ఒకేసారి వస్తుంది: అంకెలు, మంట, చప్పుడు, చప్పట్లు. మాకు అలా కాదు. మేం కూర్చునే చోటికీ లాంచ్ ప్యాడ్‌కీ మధ్య దాదాపు ఇరవై కిలోమీటర్లు. ముందు సరస్సు అవతల ఒక వెలుగు లేస్తుంది. నిశ్శబ్దంగా. అది ఎంత మెల్లగా లేస్తుందంటే, చిన్నప్పుడు నాకు పడిపోతుందేమోనని భయమేసేది. చప్పుడు మాకు చేరేసరికి నిమిషం దగ్గరవుతుంది. అప్పటికి రాకెట్ మబ్బులు దాటేసి ఉంటుంది. అప్పుడు కిటికీలు గడగడలాడతాయి, కుక్కలు మొరుగుతాయి, మా జేజి "పోయిందా?" అని అడుగుతుంది. పోయి నిమిషమైంది జేజీ.

మెల్లగా లేస్తుందని ఊరికే అనలేదు. ఎల్‌వీఎం3 తీసుకోండి, మనకున్నవాటిలో పెద్దది. 43.5 మీటర్ల ఎత్తు, 640 టన్నుల బరువు. దాన్ని పైకి నెట్టే బలంలో చాలా భాగం దాని బరువుని మోయడానికే సరిపోతుంది, మిగిలిన కాస్తతోనే అది కదలాలి. ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్సుతో లెక్కేసుకోవచ్చు. మొదటి సెకనులో అది ఎక్కే ఎత్తు, డాబా మీంచి జారవిడిచిన రాయి మొదటి సెకనులో పడే దూరం కంటే తక్కువ. తన ఎత్తు తను దాటడానికే దానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ తర్వాత, అవును, వేగమే. కక్ష్యలోకి చేరేసరికి సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల లెక్కన. నేను రాత్రంతా బస్సులో నడుములు విరగ్గొట్టుకుని వచ్చే హైదరాబాదుకి ఆ లెక్కన నిమిషం.

కానీ ఆ వేగం ఆఖర్న వస్తుంది. అసలు రాకెట్ కథలో ఎక్కువ భాగం కదలకుండా నిలబడటమే. నెలల తరబడి కట్టడం, పరీక్షించడం, గంటల తరబడి కౌంట్‌డౌన్. ఆ కౌంట్‌డౌన్ అనేది ఏమిటి మరి? వెళ్ళిపోవడానికి లెక్క అనుకుంటాం గానీ, నా దృష్టిలో అది ఆగిపోవడానికి ఇచ్చే అవకాశాల లెక్క.

ఇది నాకు అర్థమైన రోజు బాగా గుర్తు. 2013 ఆగస్టు 19, సాయంత్రం 4:50కి జీఎస్‌ఎల్‌వీ లాంచి. నేనప్పుడు పదో తరగతి. అంతకుముందు 2010లో రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ మళ్ళీ క్రిస్మస్ రోజునా, జీఎస్‌ఎల్‌వీ సముద్రం పాలయింది. మొదటిది మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో, రెండోది రష్యా ఇంజన్‌తో. మూడేళ్ళ తర్వాత మళ్ళీ మన ఇంజన్‌తో పోతోంది. మా డాబా మీద బంధువులందరూ. ఉడకబెట్టిన శెనక్కాయలు, టీ ఫ్లాస్కులు, పక్కింటివాళ్ళ బైనాక్యులర్. 74 నిమిషాల ముందు ఆపేశారు. రెండో దశలో ఇంధనం లీకవుతోందట. మా బంధువుల్లో ఒకాయన "ఏందబ్బా, గంటలో పొయ్యేదానికి ఇప్పుడు లీకు కనిపించిందా వీళ్ళకి" అని చిరాకు పడ్డాడు. నాకూ ఏడుపొచ్చినంత పనైంది. మా నాయన మాత్రం శెనక్కాయ తొక్కలు ఊడుస్తూ, "కనిపించింది కాబట్టి ఆపినారు, కనిపించకపోతే మళ్ళీ సముద్రంలోనే గదరా" అన్నాడు. ఆయన మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. లీకుల గురించి ఆయనకి తెలుసు.

దాన్ని వెనక్కి తీసుకెళ్ళి, విప్పి, ఆ రెండో దశని కొత్తది పెట్టి, 2014 జనవరి 5న పంపారు. పోయింది. మన క్రయోజెనిక్ ఇంజన్ మొదటిసారి సరిగ్గా పనిచేసిన రోజది. నాలుగున్నర నెలల ఆలస్యం. ఇప్పుడెవరైనా ఆ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకున్నారా?

సరే, ఇప్పుడు మా రిలీజ్.

మాది నెలనెలా జనం ఖాతాల్లోంచి వాయిదాలు కట్ చేసే సిస్టమ్. కంపెనీ పేరు, క్లయింటు పేరు అడక్కండి, ఉద్యోగం చేసుకోవాలి. శుక్రవారం సాయంత్రం రిలీజ్. పైప్‌లైన్‌లో ఒక టెస్టు ఎర్రగా వచ్చింది. బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమై మనం మళ్ళీ అడిగితే, డబ్బు ఒక్కసారే కట్ కావాలి. అది చూసే టెస్టు. మళ్ళీ నడిపితే పచ్చగా వచ్చింది. ఇంకోసారి నడిపితే ఎరుపు. మనందరికీ తెలిసిన పదం ఒకటుంది కదా, "ఫ్లేకీ". టెస్టు మీద ఆ ముద్ర వేసేస్తే ఇంక దాని మాట ఎవరూ వినక్కర్లేదు. మా టీమ్‌లో ఏడాదిన్నర అనుభవమున్న ఒక అమ్మాయి ఉంది. తను లాగ్స్ చూసి, "అన్నా, ఇది టెస్టు తప్పు కాదేమో. నిజంగానే రెండుసార్లు పోతున్నట్టుంది. సోమవారం దాకా ఆపుదామా?" అంది. కాల్‌లో పదకొండు మంది ఉన్నారు. ఒక రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో "క్లయింటుకి మాటిచ్చేశాం" అన్నారు. ఇంకెవరో "ప్రొడక్షన్‌లో ఆ కేసు రాదులే" అన్నారు.

ఆ టెస్టుని దాటేయమని ఫ్లాగ్ పెట్టింది నేనే. ఇది రాయకుండా మిగతాదంతా రాస్తే దొంగతనమవుతుంది.

శుక్రవారం రాత్రే రాకెట్ స్పీడ్ మెయిల్. సోమవారం అయిదో తారీకు, అందరి వాయిదాలూ పోయే రోజు. బ్యాంకు సర్వర్లు నెమ్మదించాయి, మా సిస్టమ్ మళ్ళీ అడిగింది, కొన్ని వందల ఖాతాల్లో వాయిదా రెండుసార్లు కట్ అయింది. రెండు రాత్రులు నిద్ర లేకుండా వెనక్కి వేశాం. మనకి అది "ఇష్యూ రిసాల్వ్డ్". కానీ వచ్చిన కంప్లయింట్లలో ఒకటి నేను చదివాను. ఎవరో పెద్దాయన, అబ్బాయి కాలేజీ ఫీజుకని ఉంచిన డబ్బు, గడువు ఆ రోజే. వెనక్కి వేయడానికి మాకు పట్టిన రెండు రోజులు ఆయనకి ఎలా గడిచాయో ఏ డాష్‌బోర్డులోనూ ఉండదు.

ఇక్కడ నాకు 1979 గుర్తొస్తుంది. ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం, ఆగస్టు 10, శ్రీహరికోట నుంచే. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నులు. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆ రోజు జరిగింది కలాం గారే తర్వాత కాలంలో చాలాసార్లు చెప్పుకున్నారు. ఆఖరి నిమిషాల్లో చెక్‌లిస్ట్ కంప్యూటర్ చేతికి వెళ్ళింది. కంప్యూటర్ హోల్డ్ పెట్టింది, కంట్రోల్ భాగాల్లో ఏదో సరిగ్గా లేదని. చుట్టూ ఉన్న నిపుణులు లెక్కలేసి, ఫరవాలేదు, పోవచ్చు అన్నారు. ఆయన కంప్యూటర్‌ని పక్కనపెట్టి ప్రయోగం కానిచ్చారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పింది, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. రెండో దశ కంట్రోల్ వ్యవస్థలో నైట్రిక్ ఆసిడ్ కారిపోయిందని తేలింది.

అంటే వాళ్ళకీ ఒక ఎర్ర టెస్టు, వాళ్ళకీ ఒక ఫ్లాగు. అంత గొప్పవాళ్ళే చేశారు కదా అని నేను తప్పించుకోవడానికి చెప్పట్లేదు. తేడా ఆ తర్వాత ఏం చేశారన్న దాంట్లో ఉంది. ఆ రోజు విలేకర్ల ముందుకి కలాంని పంపకుండా, ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ తనే వెళ్ళి వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. మరుసటేడు, 1980 జులై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు విలేకర్లతో నువ్వే మాట్లాడమని కలాంని పంపారు. ఈ కథ మన ఆఫీసుల్లో లీడర్‌షిప్ ట్రైనింగ్ స్లైడ్లలో తెగ తిరుగుతుంది, మీరూ చూసే ఉంటారు. స్లైడులో హోల్డ్ సంగతి మాత్రం ఉండదు. నాకైతే కథంతా ఆ హోల్డ్‌లోనే ఉందనిపిస్తుంది.

ఎందుకంటే ఇరవై రెండేళ్ళ తర్వాత అదే చోట ఇంకోటి జరిగింది. 2001 మార్చి 28, జీఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం. నాకప్పుడు మూడేళ్ళు, ఇది మా నాయన చెప్పగా విన్నదీ, తర్వాత చదివిందీ. టీవీలో అంకెలు సున్నా దాకా వచ్చాయి, మంటొచ్చింది, పొగొచ్చింది, రాకెట్ కదల్లేదు. ఆ రాకెట్‌కి పక్కన నాలుగు ద్రవ ఇంధన ఇంజన్లు, మధ్యలో ఘన ఇంధన మోటారు. పక్కవి 4.8 సెకన్ల ముందే వెలిగిస్తారు. అన్నీ సరిపడా బలం ఇస్తున్నాయని కంప్యూటర్ చూసుకున్నాకే మధ్యది వెలుగుతుంది. ఆ రోజు నాలుగింటిలో ఒకటి సరిపడా బలం ఇవ్వలేదు. ఇంక సెకను ఉందనగా కంప్యూటర్ అన్నిటినీ ఆపేసింది. ఈసారి దాని మాట దాటడానికి ఎవరి చేతికీ సందు లేదు. రాకెట్ ప్యాడ్ మీదే నిలబడి ఉంది, చెక్కుచెదరకుండా. సరిగ్గా మూడు వారాలకి, ఏప్రిల్ 18న, అదే రాకెట్ ఎగిరింది. (ఉపగ్రహాన్ని అనుకున్న కక్ష్యకి కాస్త తక్కువలో వదిలింది, అది వేరే కథ.)

మనవాళ్ళకి ఇక్కడ పనికొచ్చే విషయం ఇంకోటుంది. ద్రవ ఇంజన్ ముందు, ఘన మోటారు ఆఖర్న ఎందుకు? ద్రవ ఇంజన్‌ని వాల్వు మూసి ఆపొచ్చు. ఘన ఇంధనం ఒకసారి అంటుకుందా, అయిపోయేదాకా మండాల్సిందే, దానికి స్విచ్ లేదు. అందుకని ఆపగలిగినవన్నీ ముందు వెలిగించి, చూసుకుని, ఆపలేనిదాన్ని చిట్టచివర అంటిస్తారు. మన పనిలో ఏవి ద్రవం, ఏవి ఘనం? స్క్రీను రంగు మార్చడం ద్రవం. ఒక ఫీచర్‌ని వంద మందికి తెరిచి చూడటం ద్రవం. జనం ఖాతాలోంచి డబ్బు కట్ చేయడం ఘనం. టేబుల్లో కాలమ్ లేపేయడం ఘనం. పది లక్షల మందికి ఎస్సెమ్మెస్ పంపడం ఘనం, పంపాక వెనక్కి పిలవలేం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు, మా టీమ్‌లోనే వచ్చింది. "వెబ్ అప్లికేషన్ రాకెట్ కాదు బాసూ, రోజుకి పదిసార్లు డిప్లాయ్ చేసే కంపెనీలున్నాయి, తప్పొస్తే రోల్‌బ్యాక్ కొడతాం." ఒప్పుకుంటాను. ద్రవం విషయంలో ఎంత వేగంగా పోయినా నాకు పేచీ లేదు, పోవాలి కూడా. పోలికలు ఎక్కడో చోట కుంటుతాయి, ఇదీ అంతే. కానీ రోజుకి పదిసార్లు డిప్లాయ్ చేసేవాళ్ళు అలా చేయగలుగుతున్నది ఎర్ర టెస్టుని దాటేసి కాదు. ఎరుపు వస్తే ఎవరినీ అడక్కుండా మిషనే ఆపేస్తుంది కాబట్టి. మనం వాళ్ళ దగ్గర్నుంచి పదిసార్లు అన్న అంకె తెచ్చుకున్నాం, ఆపే మిషన్ అక్కడే వదిలేసి వచ్చాం.

క్లయింటుకి మాటిచ్చేశాం అన్నారు కదా కాల్‌లో. 2019 జులై 15, తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా శ్రీహరికోట వచ్చి కూర్చున్నారు. దేశమంతా మేలుకుని ఉంది. నేను ఊళ్ళోనే ఉన్నాను, డాబా మీద దోమలతో. 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగిపోయింది. రాష్ట్రపతి కంటే పెద్ద క్లయింటు ఎవరుంటారండీ? ఆయన వెనక్కి వెళ్ళిపోయారు. వారానికి, జులై 22న, ప్రయోగం జరిగింది. చంద్రుడి మీద దిగేటప్పుడు ల్యాండర్ కూలిపోయింది, నిజమే. ఆగితే అన్నీ సవ్యంగా జరుగుతాయని నేను అనట్లేదు. 2025 మే 18న ఎంతో నమ్మకమైన పీఎస్‌ఎల్‌వీ కూడా మూడో దశలో విఫలమైంది. హోల్డ్ అన్నది గెలుపుకి గ్యారంటీ కాదు. తెలిసిన తప్పుతో బయల్దేరకుండా ఉండటం, అంతే.

వేగం గురించే అనుకుంటున్నాం కాబట్టి చంద్రయాన్-3 కూడా చెప్పాలి. 1969లో అపోలో 11 బయల్దేరిన నాలుగో రోజుకి చంద్రుడి మీద దిగింది. చంద్రయాన్-3 2023 జులై 14న బయల్దేరి ఆగస్టు 23న దిగింది. నలభై రోజులు. అపోలోని మోసిన శాటర్న్ 5 మూడు వేల టన్నులకి దగ్గరగా ఉండేది, మనది 640. అంత బలం లేదు కాబట్టి భూమి చుట్టూ తిరుగుతూ ఒక్కో చుట్టుకీ కక్ష్య పెంచుకుంటూ, ఇంధనం బదులు రోజులు ఖర్చుపెట్టుకుంటూ పోయింది. మధ్యలో ఆగస్టు 11న రష్యావాళ్ళ లూనా-25 బయల్దేరింది, అయిదు రోజుల్లో చంద్రుడి కక్ష్యలోకి చేరిపోయింది. మనకంటే ముందే దిగేస్తుందని టీవీల్లో ఒకటే గోల, రేసు అన్నారు. ఆఖర్న ఇంజన్ 84 సెకన్లు మండాల్సింది 127 సెకన్లు మండింది. ఆగస్టు 19న కూలిపోయింది. నలభై రోజుల బండి నాలుగు రోజుల తర్వాత మెల్లగా దిగింది. నెమ్మదిగా పోవడం వల్ల గెలిచామని కాదు, లూనా పడింది దాని ఇంజన్ సమయానికి ఆగకపోవడం వల్ల. "ఆగకపోవడం" అన్న మాట నేను కావాలనే వాడాను :)

ఇంకో మాట. ఆగడం ఫ్రీగా వస్తుందని కూడా అనుకోకండి. మా మేనమామ సముద్రం మీద వేటకి పోతాడు. లాంచి ఉందంటే ఫలానా మేరకి బోట్లు రాకూడదని ముందే చెప్తారు. ప్రయోగం వాయిదా పడితే కొత్త తేదీకి మళ్ళీ అదే కట్టడి. అంటే అక్కడ హోల్డ్ పడిన ప్రతిసారీ ఇక్కడ మా మామకి ఇంకో వేట పోయినట్టే. ఆయన షార్‌ని తిట్టడా అంటే తిడతాడు, శుభ్రంగా తిడతాడు. కానీ తిట్టాక ఒకసారి ఏమన్నాడంటే, "అది సగం దూరం పోయి నా నెత్తిన పడేదానికంటే ఈ రోజు గంజి తాగేది మేలు గదా అబ్బయ్యా" అన్నాడు. ఆగడానికి ఖర్చుంది. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా చూడాలి. మా రిలీజ్ ఒక మూడు రోజులు ఆగుంటే ఖర్చు మా మేనేజరు ఒక ఇబ్బందికరమైన ఫోను చేయడం. ఆగనందుకు ఖర్చు ఆ కాలేజీ ఫీజు పెద్దాయన భరించాడు.

మనకి నిదానమే ప్రధానం అన్న సామెతా ఉంది, ఆలస్యం అమృతం విషం అన్న సామెతా ఉంది. రెండూ అదే పూర్వీకులే చెప్పారు, ఎప్పుడు ఏది వాడాలో మాత్రం మనకే వదిలేశారు. కాబట్టి సామెతలతో ఇది తేలదు. తేలాల్సింది ఒక్కటే ప్రశ్న: మీ టీమ్‌లో హోల్డ్ అనే హక్కు ఎవరికుంది? అన్నాక వాళ్ళకి ఏమవుతుంది?

2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం మొదటి టెస్టు వెహికల్ ప్రయోగం. శనివారం పొద్దున్న. వాతావరణం బాలేక ముందే కాస్త వాయిదా వేశారు. తర్వాత సరిగ్గా అయిదు సెకన్ల దగ్గర కంప్యూటర్ ఆపేసింది. లైవ్‌లో, లక్షల మంది చూస్తుండగా. మా నాయన డాబా మీంచి ఫోన్ చేసి, "అయిదు దగ్గర నిలబడిపొయ్యింది రా" అన్నాడు. కారణం చూసుకుని, సరిచేసుకుని, అదే రోజు పదింటికి పంపారు. అంతా సవ్యంగా జరిగింది. అయిదు సెకన్ల దగ్గర ఆపినందుకు ఆ కంప్యూటర్‌ని ఎవరూ ఫ్లేకీ అనలేదు.

మా టీమ్‌లో ఆపుదామన్న అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ గొడవ జరిగిన నెలకి అప్రైజల్స్ వచ్చాయి. నాకు మంచి రేటింగే వచ్చింది, రెండు రాత్రులు మేలుకుని మంట ఆర్పినందుకు. మంట పెట్టింది కూడా నేనేనని ఆ ఫారంలో రాయడానికి గడి లేదు. తనకి మాత్రం మామూలు రేటింగ్, కింద ఒక లైను: బాగా పనిచేస్తుంది, పేస్ ఇంప్రూవ్ చేసుకోవాలి. తను నాకు ఆ స్క్రీన్‌షాట్ పంపి ఏమీ రాయలేదు. కనీసం ఒక ఎమోజీ కూడా పెట్టలేదు.

నేను మేనేజరుకి మెయిల్ రాశాను. ఆ శుక్రవారం కాల్‌లో ఆపమన్నది ఆవిడ ఒక్కతేననీ, దాటేసింది నేననీ, ఆ లైను తీసేయాలనీ, వీలైతే ఆ మాట నా ఫారంలోకి మార్చాలనీ. ఈసారి నేనే అందర్నీ సీసీలో పెట్టాను, రాకెట్ స్పీడ్ మెయిల్‌లో ఉన్న అదే సీసీ లిస్టు. నలభై మందిలో ముగ్గురు విడిగా పింగ్ చేసి బాగా రాశావన్నారు. రిప్లై ఆల్ ఎవరూ కొట్టలేదు. మేనేజరు దగ్గర్నుంచి "పాయింట్ నోటెడ్, విల్ డిస్కస్" అని వచ్చింది. డిస్కషన్ ఇంకా జరగలేదు, ఆ లైను ఇంకా అలాగే ఉంది.

వచ్చే రిలీజ్ మళ్ళీ శుక్రవారమే. ఆ టెస్టు దాటేసే ఫ్లాగుని మాత్రం నిన్న పైప్‌లైన్‌లోంచి పీకేశాను. రివ్యూకి తనకే పంపాను. పావుగంట చూసి, రెండు కామెంట్లు పెట్టి, ఒక తప్పు పట్టుకుని వెనక్కి పంపింది.